ఆరు ఇక్కడ, ఆరు అక్కడ

మన ఇళ్ళలో ఏ అటక దించి చూసినా, ఏ పాత బీరువా అడుగు అర తెరిచినా నాలుగు వీడియో క్యాసెట్లు కనబడకుండా ఉండవు. వాటిలో ఒకటి పెళ్ళిది, ఒకటి బారసాలది, ఒకటి ఎవరో అద్దెకు తెచ్చి తిరిగివ్వని సినిమాది అయి ఉంటుంది. అప్పట్లో పిల్లలున్న ఇల్లయితే ఒకటో రెండో బొమ్మల కథలవి కూడా ఉంటాయి. పండగకు ఇల్లు దులిపినప్పుడల్లా "ఇవింకా ఎందుకు, పాత సామాన్లవాడికి వేసేద్దాం" అని ఒకరంటారు. "ఉండనీ" అని ఇంకొకరంటారు. ఈసారి ఆ "ఉండనీ" పక్షాన నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. అవి కూడా పెళ్ళి క్యాసెట్ల గురించి కాదు. పోకెమాన్ అనే జపాను బొమ్మల కథల క్యాసెట్ల గురించి.

పెద్దవాళ్ళు "మనకెందుకీ పిల్లల గోల" అని పేజీ తిప్పేయకండి. ఈ క్యాసెట్లను ఇప్పుడు అడుగుతున్నది పిల్లలు కాదు. ముప్పై, నలభై ఏళ్ళ వయసువాళ్ళు, తామే పిల్లల్ని కన్నవాళ్ళు వెతికి వెతికి కొంటున్నారు. ఒకటో నంబరు నుంచి వరుసగా పేర్చుకుని, మధ్యలో ఒక్క నంబరు లేకపోతే పన్ను ఊడిన నోటిలా ఉందని బాధపడుతున్నారు. పైనున్న ప్లాస్టిక్ పొర కూడా చింపని క్యాసెట్ దొరికితే దానికి మార్కులు వేయించి, అద్దంలాంటి పెట్టెలో బిగించి దాచుకునేవాళ్ళూ ఉన్నారు. 2022 జూన్‌లో అమెరికాలోని హెరిటేజ్ వేలంశాలలో 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమా క్యాసెట్ ఒకటి, ఎన్నడూ తెరవనిది, 75,000 డాలర్లకు పోయింది. పోకెమాన్ క్యాసెట్లకు అంత ధర రాదు లెండి. అవి విపరీతంగా అమ్ముడైన సరుకు. అయినా "సీలు తీయనిది" అన్న మాటకే డబ్బు కట్టడం చూస్తే నాకొక సందేహం వస్తుంది. చూడడానికి చేసిన వస్తువును చూడకుండా ఉంచితేనే విలువ అంటే, ఆ విలువ ఎవరికి?

దీనికి జవాబు ఆ కథ పుట్టుకలోనే ఉందనిపిస్తుంది నాకు.

సతోషి తాజిరి అనే ఆయన 1965లో జపానులో పుట్టాడు. టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగాడు. అప్పటికి అక్కడ ఇంకా పొలాలు, చెరువులు ఉండేవి. చిన్నప్పుడు ఆయనకు పురుగులు పట్టడమంటే ప్రాణం. మన పిల్లలు తూనీగల వెంట పడినట్లే అనుకోండి. తరువాత ఊరు పెరిగింది, చెరువులు పూడాయి, ఇళ్ళు లేచాయి, పురుగులు పోయాయి. ఇక ముందు పిల్లలకు ఆ సరదా ఎక్కడిది? అరచేతిలో పట్టే గేమ్ బాయ్ అనే ఆటపెట్టెలు రెండింటిని తీగతో కలిపే వీలు వచ్చినప్పుడు, ఆ తీగ మీదుగా ఒక పురుగు అటు నుంచి ఇటు పాకుతున్నట్లు ఆయనకు తోచిందట. ఆ ఊహకు రూపం రావడానికి ఆరేళ్ళు పట్టింది. 1996 ఫిబ్రవరి 27న ఆట జపానులో అమ్మకానికి వచ్చింది. మొత్తం 151 వింతజీవులు. వాటిని పట్టుకోవాలి, పెంచాలి, పందేలలో దించాలి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఆటను ఒక రకంగా కాక ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా అమ్మారు. ఎరుపులో దొరికే జీవులు కొన్ని ఆకుపచ్చలో దొరకవు. దానిలోవి కొన్ని దీనిలో లేవు. ఒక్కడూ గదిలో తలుపేసుకుని ఎంతకాలం ఆడినా పట్టిక నిండదు. ఎదుటివాడి దగ్గరకు వెళ్ళి, తీగ తగిలించి, నీకిది నాకది అని మార్చుకోవలసిందే. ఇంకా తమాషా ఏమిటంటే, కడాబ్రా, మచోక్ వంటి కొన్ని జీవులు మన దగ్గర ఉన్నంతకాలం ఒక స్థాయి దాటి ఎదగవు. మరొకరి చేతికి ఇచ్చిన క్షణాన రూపం మారి పెద్దవవుతాయి. కూడబెట్టే ఆట అని పైకి అనిపిస్తుంది గాని, లోపల అది ఇచ్చిపుచ్చుకునే ఆట.

ఆ ఆట మీద అల్లిన బొమ్మల కథలు 1997 ఏప్రిల్ 1న టి.వి. టోక్యోలో మొదలయ్యాయి. దర్శకుడు కునిహికో యుయామా. కథానాయకుడు పదేళ్ళ కుర్రాడు. వాడికి తాజిరి గారి పేరే పెట్టి సతోషి అన్నారు. మొదటిరోజే ఆలస్యంగా లేచిన వాడికి మంచి జీవులన్నీ అయిపోయి, ఎవరూ తీసుకోని పికాచు అనే పసుపుపచ్చ మొండిఘటం దక్కుతుంది. అన్ని జీవులూ బంతిలో ఇమిడిపోతే ఇది మాత్రం బంతిలోకి వెళ్ళనంటుంది. ఒక పిట్టల గుంపు మీదపడి పొడుస్తుంటే, కుర్రాడు దానికి తన ఒళ్ళు అడ్డం పెడతాడు. అక్కడి నుంచి వాళ్ళిద్దరి స్నేహం.

1998 సెప్టెంబరులో అమెరికాలో ఇంగ్లీషులో వచ్చేసరికి సతోషి కాస్తా యాష్ అయ్యాడు. తోటివాళ్ళు కసుమి, తకేషి అనేవాళ్ళు మిస్టీ, బ్రాక్ అయ్యారు. పికాచు పేరు మార్చలేదు, గొంతూ మార్చలేదు. జపానులో ఆ గొంతు ఇచ్చిన ఇకుయే ఒతాని గారి అరుపులే అక్కడా వినిపించాయి. తిండి మాత్రం మారింది. ఇరవై అయిదో కథలో తకేషి చేతిలో ఉన్నది అన్నం ముద్ద. ఇంగ్లీషులో దాన్ని తియ్యటి డోనట్ అన్నారు. అమెరికా పిల్లలు నమ్మారేమో గాని, అన్నం తినే ఇంట పుట్టిన ఏ పిల్లవాడు నమ్ముతాడు చెప్పండి?

1998 చివరికల్లా క్యాసెట్లు కూడా వచ్చాయి. ఒక్కోదానిలో మూడేసి కథలు. వీపు మీద నంబరు. ఒకటి కొంటే రెండోది కొనకుండా ఉండలేని ఏర్పాటు. అయితే ఎన్ని కొన్నా అసలు సిసలు 'పూర్తి సెట్టు' అంటూ లేదని ఇప్పటివాళ్ళు చాలామందికి తెలియదు. కారణం, కొన్ని కథలు ఆ సెట్లలోకి ఎక్కనే లేదు. 1997 డిసెంబరు 16న జపానులో ప్రసారమైన ముప్పై ఎనిమిదో కథలో ఒకచోట ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు పన్నెండుసార్లు చొప్పున మిణుకుమన్నాయి. చూస్తున్న పిల్లల్లో కొందరికి మూర్ఛలు వచ్చాయి, కొందరికి వాంతులు, కళ్ళు తిరగడం. సుమారు 685 మందిని ఆసుపత్రులకు చేర్చారు. కథలు నాలుగు నెలలు ఆగిపోయి, 1998 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలయ్యాయి. ఆ ఒక్క కథను మళ్ళీ ఏ దేశంలోనూ వేయలేదు, ఏ క్యాసెట్లోనూ పెట్టలేదు. జపాను బొమ్మల కథల ముందు "వెలుగున్న గదిలో, తెరకు దూరంగా కూర్చుని చూడండి" అని వేయడం ఆ తరువాత వచ్చిన అలవాటే. ముప్పై అయిదో కథలో పిల్లవాడికి తుపాకీ గురిపెట్టే దృశ్యం ఉందని అమెరికాలో దాన్నీ వేయలేదు. నాయకుడు ముప్పై ఎద్దుల్లాంటి జీవుల్ని పట్టినది ఆ కథలోనే. దాంతో ఇంగ్లీషులో చూసినవాళ్ళకు ఈ మంద ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాలేదు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో పన్నెండు క్యాసెట్లు మా ఇంటి కథలో భాగం.

మా అక్క, బావగారు ఉద్యోగరీత్యా అమెరికా వెళ్ళి అక్కడే ఉండిపోయారు. మేము బరంపురంలోనే ఉండిపోయాము. 2000 సంవత్సరం వేసవిలో వాళ్ళు వచ్చినప్పుడు మేనల్లుడికి పదేళ్ళు, మా అబ్బాయికి తొమ్మిది. మేనల్లుడికి తెలుగు అర్థమయ్యేది, నోరు మాత్రం తిరిగేది కాదు. మావాడికి తెలుగు, ఒడియా ధారాళం. ఇంగ్లీషు బడి పుస్తకం వరకే. వరసకు బావా బావమరుదులు గాని, రెండు రోజులు రైల్లో ఎదురుబదురు సీట్లవాళ్ళలా కూర్చున్నారు. మూడోరోజు మేనల్లుడు పెట్టెలోంచి పన్నెండు పోకెమాన్ క్యాసెట్లు తీశాడు.

మా వి.సి.ఆర్.లో పెడితే తెర మీద గీతలు దొర్లాయి. రంగు లేదు. పికాచు గొంతు ముసలితాత మూలుగులా సాగి సాగి వినబడింది. తప్పు క్యాసెట్‌ది కాదు, యంత్రానిదీ కాదు. అమెరికా, జపానులలో టి.వి. బొమ్మ 525 గీతలతో, సెకనుకు 30 బొమ్మల చొప్పున నడిచేది, దాన్ని ఎన్.టి.ఎస్.సి. పద్ధతి అంటారు. మనది పాల్ పద్ధతి. 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. వి.సి.ఆర్. లోపల తిరిగే డోలు అక్కడ సెకనుకు 30 చుట్లు తిరిగితే ఇక్కడ 25 తిరుగుతుంది. రెండూ తెలిసిన యంత్రాలు కొందరిళ్ళలో ఉండేవి. మాది పాల్ తప్ప తెలియనిది.

పిల్లలిద్దరి మొహాలూ చిన్నబోయాయి. అప్పుడు మేనల్లుడు క్యాసెట్ అట్ట చేతిలో పట్టుకుని, దాని మీద బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో చెబితే మావాడికి అందదు. కనుక తెలుగే గతి.

"ఎలక బంతిలోకి వెళ్ళను అంది. పిట్టలు చాలా కోపం అయ్యాయి. అబ్బాయి ఎలక ముందు నిలబడ్డాడు."

పక్కనే మామిడికాయలు తుడుస్తున్న మా అమ్మ, "కోపం అయ్యాయి కాదు నాన్నా, పిట్టలకు కోపం వచ్చింది అనాలి" అంది. "పిట్టలకు కోపం వచ్చింది" అని వాడు దిద్దుకున్నాడు. "బంతిలో జీవాన్ని పెట్టడమేమిట్రా, సీసాలో భూతాన్ని బిగించినట్లు?" అని ఆవిడ అడిగితే, దానికి జవాబు చెప్పడానికి వాడు అరగంట తెలుగు వెతుక్కున్నాడు.

పన్నెండు క్యాసెట్లు, క్యాసెట్‌కు మూడు చొప్పున ముప్పై ఆరు కథలు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప పరిచేవారు. ఏది అయిందో ఏది కాలేదో మరిచిపోతామని, ఒక్కో క్యాసెట్ కథలు పూర్తికాగానే మా అమ్మ బాల్ పెన్నుతో దాని అట్ట మీద ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు వేసేది. వెళ్ళేనాటికి వాడు గడగడా మాట్లాడాడని అనను. ముప్పై ఆరు కథలు చెప్పగలిగే తెలుగు మాత్రం వచ్చింది.

తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దేటప్పుడు బరువు ఎక్కువైంది. ఆవకాయ డబ్బాలు, వడియాలు, బరంపురం అప్పడాలు. వీటిలో ఏది తీసినా అమ్మ ఊరుకోదు. అక్క చేతికందిన క్యాసెట్లు ఆరు తీసి బల్ల మీద పెట్టింది. వరుస చూడలేదు. అలా 1, 4, 5, 8, 9, 12 ఇక్కడ ఉండిపోయాయి. మిగిలిన ఆరూ ఆవకాయతో పాటు సముద్రం దాటాయి.

2003లో అవే కథలు కార్టూన్ నెట్‌వర్క్‌లో హిందీలో వచ్చాయి. మావాడు చూస్తూ చూస్తూ "ఇది బావ చెప్పినదే" అనేవాడు. తరువాత చదువులు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు. మా అమ్మ పోయింది. 2017లో అక్క పోయింది. ఆవిడ ఉన్నంతకాలం ఆదివారం ఉదయం ఫోను మోగేది. ఆ తరువాత ఉగాదికి ఒక శుభాకాంక్షల బొమ్మ వచ్చేది, మేమూ ఒక బొమ్మ పంపేవాళ్ళం. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. మాట్లాడుకోవడానికి పని లేదు, అంతే. ఇలాంటివి మీ ఇళ్ళలోనూ ఉంటాయి.

పాతికేళ్ళుగా పదేళ్ళవాడుగానే ఉన్న ఆ బొమ్మల కుర్రాడు 2022 నవంబరులో జగజ్జేత అయ్యాడు. 2023 మార్చి 24న జపానులో వాడి చివరి కథ వేశారు. ఆ వార్త చూసి మేనల్లుడు తన అటక మీద పెట్టె దించాడట. చాలా రోజులకు ఫోను వచ్చింది.

"మావయ్యా, మన క్యాసెట్లు ఆరూ ఉన్నాయా?"

"ఉన్నాయిరా. నీకెందుకిప్పుడు?"

"పంపిస్తే నా సెట్టు పూర్తవుతుంది."

పక్కనున్న మావాడు అందుకున్నాడు. "నేనివ్వను బావా. నువ్వే నీ ఆరూ పంపు, నా సెట్టు పూర్తవుతుంది."

అక్కడ అమ్మకానికి ఎన్ని లేవు, ఆరూ కొనుక్కోరాదా అని నేనన్నాను. దానికి మేనల్లుడు చెప్పిన మాట ఇది: "కొనొచ్చు మావయ్యా, చవకే. కాని వాటి మీద అమ్మమ్మ వేసిన అంకెలు ఉండవు కదా."

సంగ్రాహకుల లెక్కలో అట్ట మీద పెన్ను గీత పడితే ఆ క్యాసెట్ దెబ్బతిన్నట్లే. మార్కులు తగ్గుతాయి, ధర పడిపోతుంది. మా ఇంటి లెక్కలో ఆ గీత ఉన్నదే క్యాసెట్, లేనిది ఖాళీ డబ్బా. పైన నేను వేసిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. పొర చింపని క్యాసెట్ వేలంపాటలో ఎవరిదైనా కావచ్చు. చేతులు పడ్డది ఆ చేతులవాళ్ళదే.

ఆరూ ఎవరికి దక్కాలన్న తగువు ఇంకా తేలలేదు. దాని పుణ్యమా అని ఆదివారాలు మళ్ళీ ఫోను మోగుతోంది. కొరియరులో పంపకూడదు, మనిషి వచ్చినప్పుడే మార్చుకోవాలి, ఒకటిస్తే ఒకటి తీసుకోవాలి అని వాళ్ళిద్దరూ షరతు పెట్టుకున్నారు. మేనల్లుడు భార్యనూ కూతుర్నీ తీసుకుని వచ్చినప్పుడు ౩ తెచ్చి ఇచ్చాడు, ౧ తీసుకెళ్ళాడు. ఇప్పటికీ ఆరు ఇక్కడ, ఆరు అక్కడే. వాడి కూతురికి ఏడేళ్ళు. అట్ట మీద గీతలు చూసి ఇదేమిటని అడిగితే, మావాడు పన్నెండు వరకు తెలుగు అంకెలు రాసి చూపించాడు. ఆ పిల్లకు తెలుగు వచ్చేసిందని చెప్పను. అంకెలు వచ్చాయి, మొదటి కథలో పిట్టలకు కోపం వచ్చిందన్న సంగతీ తెలిసింది.

ఇక మీ అటక మీది క్యాసెట్ల మాట. వి.హెచ్.ఎస్. పద్ధతిని జపాను కంపెనీ జె.వి.సి. 1976లో తెచ్చింది. చివరిదాకా ఆ యంత్రాలు తయారు చేసిన ఫునై సంస్థ 2016 జులైలో మానేసింది. ఇప్పుడున్నవి పాత యంత్రాలే, అవీ తరుగుతున్నాయి. టేపు మీది అయస్కాంతపు పూత కూడా కాలంతో వెలిసిపోతుంది. యానాం, చెన్నై, బరంపురం వంటి తేమ ఊళ్ళలో బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే చుట్ట అంచు మీద తెల్లని పొడిలా కనబడుతుంది. అలాంటిదాన్ని యంత్రంలో పెట్టకండి. యంత్రం పాడవుతుంది, ఆ బూజు తరువాత పెట్టే క్యాసెట్లకూ అంటుతుంది. శుభ్రం చేసి నకలు తీసేవాళ్ళకే ఇవ్వండి. మంచివాటిని పుస్తకాల్లా నిలువుగా, పొడిచోట, స్పీకర్లకు దూరంగా పెట్టండి. టేపు మొత్తం ఒకవైపుకు చుట్టి ఉంచండి. ఇంట్లో తీయించుకున్న క్యాసెట్ అయితే వీపు మీది చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి; దాని మీద పొరపాటున మరొకటి రికార్డు కాకుండా ఉంటుంది. అమెరికా నుంచి వచ్చినవైతే ఎన్.టి.ఎస్.సి. నడిపే యంత్రం ఉందా అని ముందే అడగండి. డీవీడీలకూ ఇలాంటి తిరకాసే ఉంది: అమెరికావి 1, జపానువి 2, మనవి 5 అని ప్రాంతాల నంబర్లు. ఒకచోటిది మరోచోటి యంత్రంలో ఆడకపోవచ్చు.

బొమ్మల కథ పోయినా మరోచోట దొరుకుతుంది. మీ పెళ్ళి క్యాసెట్‌కు ప్రపంచంలో రెండో ప్రతి ఉండకపోవచ్చు. కనుక నకలు తీయించడం దానితోనే మొదలుపెట్టండి. మిగిలినవాటిని పాత సామాన్లవాడికి వేసే ముందు అట్టలు ఒక్కసారి తిప్పి చూడండి. ఎవరి చేతిరాత ఉందో చూసి, ఆ చెయ్యి ఎరిగినవాళ్ళకు ఒక ఫోను చేయండి.